‘ఊఁ’కి ఒక స్కూటర్

“కేసు నిలబడిందమ్మా!” అని ఫోన్‌లో లాయరమ్మ అనగానే కొత్తకోడలు చేతిలో గరిటెతోనే ఒక గంతు వేసింది.

“జడ్జిగారు ఏమన్నారట?” తల తుడుచుకుంటూ వచ్చాడు భర్త.

“వేళాకోళమైనా మాట మాటేనన్నారట! పెట్టె మీద అచ్చేశాక, నవ్వులాటకి రాశామని కుక్కర్ కంపెనీ అంటే కుదరదట!”

ఆ పెట్టె ఇంకా అటక మీదే ఉంది. పెళ్ళయిన వారానికి ఇద్దరూ కలిసి కొన్న మొదటి వస్తువు, ఆ కుక్కర్. పెట్టె మీద ఎర్రటి అక్షరాలు: ‘ఆరు నెలలు ఇందులో వండండి. అప్పటికీ అత్తగారు మెచ్చుకోకపోతే స్కూటర్ మీదే!’

“మా అమ్మ నిన్ను మెచ్చుకోలేదని రుజువైనందుకా ఇంత సంబరం?”

“ఇంకా రుజువు కాలేదు. రేపే సాక్ష్యం. అత్తయ్య బోనెక్కి ఒక్క ముక్క చెప్తే చాలు. ఏడాదిగా తెల్లారకముందే లేచి వండుతున్నానా, ‘ఊఁ’ తప్ప ఇంకో మాట విన్నానా? ఆ ‘ఊఁ’కి స్కూటరైనా రావద్దూ?”

నవ్వుతూనే అంది. కానీ అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఊపిరి బిగబట్టి చూడటం మాత్రం ఆమె ఇంకా మానలేదు.

గేటు చప్పుడైంది. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే అత్తగారు మోకాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, క్యారియర్ సింకు పక్కన పెట్టింది. ఇదివరకు రెండు గిన్నెలది. ఇప్పుడు నాలుగు గిన్నెలది. ఎందుకని అడిగితే ఓసారి “ఆకలేస్తోంది” అంది, అంతే. ఎప్పట్లాగే నాలుగూ ఖాళీ.

“అత్తయ్యా, గెలిచినట్టే! రేపు మీరు...”

“తెలుసు. వస్తున్నా. కంపెనీ తరఫున.”

కుక్కర్ కూత వేసింది. పొయ్యి ఎవరూ కట్టెయ్యలేదు.

“కంపెనీ తరఫునా? అమ్మా, నువ్వా?” అన్నాడు కొడుకు.

“వాళ్ళ లాయరు మా ఆఫీసుకొచ్చాడు. సెక్షన్లో అందర్నీ అడిగాడు. నన్నూ అడిగాడు. సరేనన్నా.”

“ఏమిస్తామన్నారు?” అడిగింది కోడలు. “ఇంకో కుక్కరా?”

“ఏమీ లేదు.”

“ఊరికేనా? నా మీద అంత కోపమా? ఆ స్కూటర్ ఎవరి కోసమనుకున్నారు? ఆ మోకాళ్ళతో మీరు బస్సెక్కుతుంటే చూడలేక, రోజూ నేనే దింపుదామని నడపడం కూడా నేర్చుకుంటున్నా! ఇంట్లో మనిషే వెన్నుపోటు పొడిస్తే ఇంకెవరితో చెప్పుకోను?”

అత్తగారు క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విడదీసి కడగసాగింది.

“గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. నా వంట బాగుందని ఒక్కసారైనా నాతో అన్నారా?”

“లేదు.”

“మరి రేపు బోనులో నిలబడి అబద్ధం చెప్తారా?”

“అబద్ధమెందుకు?”

నాలుగో గిన్నె బోర్లించి, తడిచేతులు తుడుచుకుని, కోడలి మొహంలోకి చూడకుండానే అంది అత్తగారు:

“రేపు మా సెక్షనంతా సాక్ష్యానికొస్తోంది, రోజూ నీ వంట తిన్నవాళ్ళూ, నేను నిన్ను పొగుడుతుంటే విన్నవాళ్ళూ.”