మీరు శెట్లా?

"సాయంత్రం బస్సుకు పోవల్ల సిస్టర్. తొందరగా దిగిపోయే మత్తే ఇయ్యమని చెప్పు."

దివాకర్ ఈ మాట కనిపించిన ప్రతి నర్సుకూ చెప్పాడు.

కదిరిలో కిరాణా కొట్టు ఆయనది. కూతురు ఆశ్రితకు ముక్కులో కండ పెరిగింది. రాత్రయితే ఒకటే గురక. వచ్చే వారం నిశ్చితార్థం. ఈ సంగతి పెళ్ళివారి చెవిన పడకూడదని అనంతపురం తీసుకొచ్చాడు. పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. మూడో కంటికి తెలియదు.

అయినా కాలు నిలవడం లేదు. తెలిసిన ముఖం తగులుతుందేమోనని గుమ్మానికీ కుర్చీకీ తిరుగుతున్నాడు.

ఇంతలో ఒక పెద్దాయన స్కూటర్ దిగి లోపలికి వచ్చాడు. నలిగిన చొక్కా, చంకలో సంచి. ఆశ్రిత దగ్గర ఆగాడు.

"నీ బిడ్డేనా అన్నా? యా ఊరు?"

"కదిరి."

"శెట్లా?"

వైశ్యులమని ముఖం చూసే పట్టేశాడే అనుకున్నాడు దివాకర్.

"మీ ఇండ్లల్లో మేనరికాలు ఉండాయా?"

ఇంకేం అనుమానం? పెళ్ళిళ్ళ పేరయ్యే! సంచి నిండా జాతకాలే ఉంటాయి. ఈయన నోట్లో పడితే కదిరంతా చాటింపే. ఒళ్ళు మండిపోయింది.

"శెట్లూ కాదు, ఏమీ కాదు. మేం రెడ్లం. పోయి నీ పని జూసుకోప్పా!"

పెద్దాయన తలూపి వెళ్ళిపోయాడు.

"అబద్ధమెందుకు నాయనా?" అంది ఆశ్రిత.

"నువ్వూరుకో!"

ఆశ్రితను లోపలికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ తొందరగానే అయిపోయింది. ఆశ్రిత మాత్రం బయటికి రాలేదు. సాయంత్రం బస్సు కూడా వెళ్ళిపోయింది.

చివరికి నర్సు వచ్చింది.

"అన్నా, నీ బిడ్డ ఇంకా సొంతంగా ఊపిరి తీసుకోలేదు."

"ఏం చేసినారు నా బిడ్డను?"

"నువ్వడిగిన మందే. కండరాలు సడలేదానికి ఇస్తారు. అందరికీ నిమిషాల్లో దిగిపోతాది. శెట్లల్లో కొందరికి మాత్రం ఒంట్లో కరగదు, గంటలు పడతాది. వాళ్ళకు వేరే మందు ఉండాది. అందుకే ముందుగా అడిగేది. అడిగితే రెడ్లమన్నావంట గదా?"

దివాకర్ నర్సు చేతులు పట్టుకున్నాడు.

"బతుకుతాదా తల్లీ?"

"బతుకుతాది. మందు దిగేదాంకా కదలనని మత్తు డాక్టరే పక్కన నిలబడుకోనుండాడు. అన్నం గూడా తిన్లేదు."

దివాకర్ తలుపు అద్దంలోంచి చూశాడు.

ఆశ్రిత తలాపున నిలబడి, చేత్తో గాలితిత్తి నొక్కి నొక్కి ఆమెకు ఊపిరి పోస్తున్నది, పొద్దున తాను అబద్ధమాడి వదిలించుకున్న ఆ పెళ్ళిళ్ళ పేరయ్యే.