బాతుల గలీబు

దిండు గలీబు ఒకటి తగ్గింది.

రాక్సేన్ బుట్టలోని బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి మళ్లీ వెతికింది. పసుపు బాతుల గలీబులు రెండు ఉండాలి. ఒకటే ఉంది.

"ఆ ముసలావిడ పనే. పొద్దున బుట్ట ఆవిడకే ఇచ్చాను," అంది పళ్లు కొరుకుతూ.

"ఒకటుందిగా అమ్మా. దాని మీద కూడా బోలెడు బాతులున్నాయి," అంది జోసీ, గోడ వైపు తిరిగి పడుకునే.

జోసీకి ఏడేళ్లు. బ్లడ్ కాన్సర్. విన్నిపెగ్‌లో ఓ పిల్లల ఆసుపత్రికి ఎదురుగా, దూరాల నుంచి వచ్చిన వాళ్లు ఉండే ఇంట్లో తల్లీకూతుళ్లకి ఒక గది ఇచ్చారు. తండ్రి వేడ్ ఎక్కడో ఉత్తరాన థాంప్సన్‌లో, గనిలో పని. ఎనిమిది గంటల ప్రయాణం. నెలకోసారి వస్తాడు. మిగతా రోజులన్నీ రాక్సేన్ ఒక్కతే.

'ఒంట్లో తెల్లకణాలు పడిపోయాయి, ఏ క్రిమీ దరి చేరకూడదు' అని డాక్టర్లు చెప్పిన నాటి నుంచి ఆమెకి ఒకటే ధ్యాస. జోసీ ఒంటిని తాకిన ప్రతి గుడ్డా ఏ రోజుకారోజు వేడి నీళ్లలో ఉతికించాలి. జబ్బుని తనేమీ చేయలేదు. మురికినైతే వదిలించగలదు. ఆ ఒక్కటీ సరిగ్గా చేస్తే కూతురు బతుకుతుందని నమ్మింది, పిచ్చితల్లి.

గలీబు సంగతి తేల్చుకుందామని కిందికి దిగింది.

బట్టల గదిలో సిగ్రిడ్ తువ్వాళ్లు మడతపెడుతోంది. డెబ్బై దాటిన మనిషి. ప్రతి మంగళవారం తన వంతుకి గిమ్లీ అనే ఊరి నుంచి కారు నడుపుకుంటూ వచ్చి, జీతం భత్యం లేకుండా అందరి బట్టలూ ఉతికి పెడుతుంది. మాట తక్కువ.

"సిగ్రిడ్ గారూ, మా పాప గలీబేది?"

"ఎక్కడికీ పోదులేమ్మా."

"పోకపోతే చూపించండి మరి."

సిగ్రిడ్ తువ్వాలు అంచులు సరిచేసి ఇంకొకటి అందుకుంది.

"ఇక్కడ తల్లులు ఏం పడుతున్నారో మీకేం తెలుసు? పొద్దుపోక వస్తారు, మా వస్తువులు పోగొడతారు."

ముసలామె మొహం ఎర్రబడింది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

తరువాతి మంగళవారం కొత్త గలీబు కుట్టి పట్టుకొచ్చింది. దాని మీది బాతులు కాస్త బొద్దుగా ఉన్నాయి.

"ఇవి బాగా తిన్నట్టున్నాయి," అని జోసీ నవ్వింది. ఆ వారంలో అది నవ్వడం అదే మొదలు.

రాక్సేన్ ఆ గలీబు తీసి సిగ్రిడ్ చేతిలోనే పెట్టేసింది.

"మీది నాకెందుకండీ? నా కూతురిది నాకు కావాలి."

అంతటితో ఊరుకోలేదు. ఆ ఇంటి నిర్వహణ చూసే మార్గో దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది.

మళ్లీ మంగళవారానికి బట్టల గదిలో సిగ్రిడ్ లేదు. ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కున్నారు.

మార్చి నెలాఖరులో జోసీ పోయింది.

రాక్సేన్ థాంప్సన్‌లో తమ ఇంటికి తిరిగొచ్చేసరికి అక్కడింకా మంచు కరగలేదు. ఇరుగుపొరుగు వాళ్లు వండిన గిన్నెలు తెచ్చి, రెండు మాటలు మాట్లాడి వెళ్లారు. వారం తిరిగేసరికి గిన్నెలూ ఆగాయి, మనుషులూ ఆగారు. వేడ్ గనిలోకి దిగిపోయాడు. ఇంట్లో రాక్సేన్ ఒక్కతే మిగిలింది.

ఒక మధ్యాహ్నం జోసీ పెట్టె తెరిచింది. గౌను తీసి మొహానికి అదుముకుంది.

సబ్బు వాసన.

స్వెట్టర్ తీసింది. సబ్బు వాసన. టోపీ, మేజోళ్లు, దుప్పటి, ఆ మిగిలిన బాతుల గలీబు, అన్నీ సబ్బు వాసనే. కూతురి వాసన ఒక్క పోగులో కూడా లేదు. పట్టుబట్టి తనే ఉతికించింది, చివర్లో తన చేతుల్తో తనే ఉతికేసింది. నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. వినడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ చివర్లో మార్గో దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది. గాలి చొరబడని సంచి. లోపల మడత పెట్టిన బాతుల గలీబు. సంచికి అతికించిన కాగితం మీద వణికిన అక్షరాలు: 'ఇది ఉతకలేదమ్మా. ఎక్కువసేపు తెరిచి ఉంచకు. సిగ్రిడ్.'

రాక్సేన్ సంచి అంచు కొంచెం తెరిచి మొహం పెట్టింది.

చెమట, జుట్టు రాలిన తలకి రాసే నూనె, నారింజ చప్పరింపు బిళ్ల. జోసీ.

గబగబా మూసేసింది. ఫోను తీసింది.

"మార్గో, సిగ్రిడ్ గారి నంబరివ్వు. ఇప్పుడే మాట్లాడాలి."



"ఆమె ఈ నెల మొదట్లో పోయింది రాక్సేన్. గుండె ఆగిందట, ఒక్కతే ఉందట ఇంట్లో. నువ్వు ఫిర్యాదు చేసిన మర్నాడే వచ్చి ఆ సంచి నాకిచ్చింది. 'పాప బాగై ఇంటికెళ్తే ఇది పారెయ్యి. లేకపోతే పంపించు' అంది."

"నేనన్ని మాటలన్నాను. అప్పుడైనా నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"ఏమని చెబుతుంది? నీ పిల్ల దక్కదేమోనని దాచానని చెబుతుందా?"

రాక్సేన్ సంచిని గుండెలకి హత్తుకుంది.

"ఇది నాకు కావాల్సొస్తుందని ఆమెకెలా తెలుసు?"

"ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆ బట్టల గదిలోనే, కొడుకు పోయిన మర్నాడు, వాడి బట్టలన్నీ ఒక్కటీ మిగల్చకుండా ఉతికేసుకున్న తల్లి ఆమె," అంది మార్గో.