ఉతకని స్కార్ఫ్

“నార్బ్, లే. వరండాలోకి నడు.”

“ఇప్పుడా? బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. తన్నేదేం లేదుగా!”

“తన్నేదాకా వస్తుంది. నువ్విక్కడ కూర్చుంటే రాదు. ఆ స్కార్ఫ్ ఇలా ఇచ్చి వెళ్ళు.”

నార్బర్ట్ గొణుక్కుంటూ దిండు కింద మడతపెట్టి ఉన్న తన నీలం ఊలు స్కార్ఫ్ తీసి భార్య లూసిల్ చేతిలో పెట్టాడు. ఆమె మంచం పక్కనున్న కిటికీకి తెర లాగాడు. బయటినుంచి తొంగి చూసినా దోషమేనట. కోటు వేసుకుని తలుపు మూశాడో లేదో, లోపల టీవీ మోత ఒక్కసారిగా పెరిగింది.

సరస్సు మీదినుంచి మంచుగాలి కొడుతోంది. పక్కింటి గస్ పెరట్లో పొయ్యి దగ్గర నిలబడి కోడి రెక్కలు కాలుస్తున్నాడు.

“మళ్ళీ గెంటేసిందా?”

“జట్టు కోసం గస్, జట్టు కోసం.”

“నువ్వే నయం. మా ఆవిడ ఏ కారణం లేకుండానే గెంటేస్తుంది.”

ఇదంతా శరదృతువులో మొదలైంది. ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరసగా ఓడుతున్న రోజులవి. ఓ ఆదివారం నార్బర్ట్ కట్టెలు తేవడానికి బయటికి వెళ్ళినప్పుడే ఆఖరి ఫీల్డ్ గోల్ కోసం తన్నిన బంతి కర్రల మధ్యనుంచి దూసుకుపోయి జట్టు గెలిచింది. అంతే, దిష్టంతా నీ కళ్ళల్లోనే ఉందని లూసిల్ తేల్చేసింది. అప్పటినుంచి ఆట బిగుసుకుంటే చాలు, అతను వరండాలో ఉండాలి, స్కార్ఫ్ ఆవిడ చేతిలో ఉండాలి. గోల్ పడితే చెంచాతో కిటికీ అద్దం మీద కొడుతుంది. అప్పుడే లోపలికి రావాలి.

లూసిల్ హైస్కూల్లో ఏళ్ళ తరబడి రసాయనశాస్త్రం చెప్పిన మనిషి! జట్టు గెలుస్తున్నన్నాళ్ళూ గస్ మేజోళ్ళు ఉతకడని తెలిసి పగలబడి నవ్విన మనిషి! ఇప్పుడు తనే స్కార్ఫ్ ఉతకనివ్వడం లేదు. “సీజన్ అయ్యేదాకా దాని జోలికి వెళ్ళావంటే చూడు” అని బెదిరిస్తుంది. మడతపెట్టి దిండు కింద దాచుకుంటుంది. జబ్బు మనిషిని ఇలా మార్చేస్తుంది కాబోలని అతను సరిపెట్టుకున్నాడు.

ఆ జబ్బు ఎముకల్లోకి పాకిందని, ఇక చేయగలిగింది లేదని డాక్టర్ చెప్పాడు. లూసిల్ హాల్లో మంచం వేయించుకుంది. “ప్లేఆఫ్స్ చూసే పోతాను” అంది. సీజన్ తర్వాత మేటి జట్లకే దక్కే ఆ ఆటల మొహం ఈ జట్టు చూసి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆ మాట పట్టుకుని నార్బర్ట్ మంచులో నిలబడుతున్నాడు. మిగిలినవి నాలుగే ఆదివారాలు, వాటిల్లోనైనా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోవాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. సగం ఆట వరండాలోనే గడిచిపోతోంది.

వీధి వీధంతా హోరుమంది. గోల్ పడిందన్నమాట. చెంచా చప్పుడు మాత్రం ఎంతకీ రాలేదు. వచ్చాక లోపలికి పరిగెత్తాడు.

“ఊరంతా అరిచాక గానీ నీ చెంచా మోగదేం?”

“ఆనందం తట్టుకోవద్దూ!”

“ఆ చెమటలేంటి?”

“ఆట అలా ఉంది మరి.”

మర్నాడు నర్సు మార్సీ వచ్చి అడిగింది. “నొప్పి ఎలా ఉంది లూసిల్ గారూ? మందు పెంచమంటారా?”

“చెప్పుకోదగ్గదేం లేదమ్మా. పెంచితే పడి నిద్రపోతాను. ఆట ఎవరు చూస్తారు?”

నార్బర్ట్ అదే గస్‌తో గొప్పగా చెప్పుకున్నాడు. “ఒక్కసారి కూడా మూలగలేదయ్యా. ఆ విషయంలో అదృష్టవంతులం.”

సీజన్ ఆఖరి ఆదివారం వచ్చింది. మనవాళ్ళు గెలవాలి, అటు పడమటి తీరం జట్టు ఓడాలి. అప్పుడే ప్లేఆఫ్స్. రెండో సగం మొదలవగానే లూసిల్ తలుపు వైపు చూపించింది. నార్బర్ట్ కదల్లేదు.

“ఈ ఒక్క ఆటా నీ పక్కన కూర్చుని చూస్తాను. ఓడితే ఓడనీ.”

“నార్బ్…”

“నాకు ప్లేఆఫ్స్ వద్దు లూసీ. నువ్వు కావాలి.”

ఆవిడ దిండు కింద స్కార్ఫ్ కోసం తడుముకుంది. “నా కోసం వెళ్ళవూ? తొందరగా” అంది.

వెళ్ళాడు. మంచు భుజాల మీద పేరుకుంది. వీధి హోరెత్తింది, గస్ గిన్నెలు మోగించాడు. చెంచా మాత్రం చాలాసేపటికి, అదీ నీరసంగా మోగింది. లోపలికి వెళ్ళేసరికి ఆవిడ నవ్వుతోంది. కాసేపటికి పడమటి జట్టు కూడా ఓడింది.

“సాధించావు ముసలోడా” అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

గురువారం పొద్దున ఆవిడ పోయింది.

ప్లేఆఫ్స్ మొదటి ఆటలోనే జట్టు చిత్తుగా ఓడింది. ఆ ఆట మొత్తం నార్బర్ట్ లోపలే, ఆవిడ ఖాళీ మంచం మీద కూర్చుని చూశాడు. తను వరండాలోకి వెళ్ళనందుకే ఓడారని అతనికి గట్టి నమ్మకం. ఆ మాటే గస్‌తో అని ఏడ్చాడు.

“ఊరుకోవయ్యా. సీజన్ అయిపోయింది” అన్నాడు గస్, అతని వీపు మీద చెయ్యి వేసి. “ఇక ఆ స్కార్ఫ్ ఉతికి దాచుకో. లూసిల్ ఏమీ అనదులే.”

నార్బర్ట్ దిండు కిందనుంచి స్కార్ఫ్ తీసి నేలమాళిగలోని వాషింగ్ మెషీన్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. మరకలేమైనా ఉన్నాయేమోనని దీపం కింద మడతలు విప్పాడు.

అంచు పొడవునా, ఊలు తెగేంత లోతుగా, పంటిగాట్లు ఉన్నాయి.