గండుచీమ ఒప్పుకోలేదు

పదిమంది కలిసి రాస్తున్న లైబ్రరీ ప్రోగ్రాములో కోడలు తన బ్రాంచి, అంటే మార్పుల కోసం తీసుకున్న విడి నకలు, తెరిచి, పుస్తకాల గడువు లెక్కను సరిదిద్దింది. అసలు ప్రోగ్రాములో కలపమని పంపితే, ‘గండుచీమ’ అనే మారుపేరుతో కోడ్ పరిశీలించేవారు మూడోసారీ తిప్పికొట్టారు: “తేదీలు మళ్లీ చూసుకోండి.”

“కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం, అత్తయ్యా!” అంది కోడలు చిక్కుళ్లు ఒలుస్తూ, ఏడుపు ఆపుకుంటూ.

“ఊరుకో అమ్మా. వయసు మీదపడి చాదస్తం పట్టిన మనిషై ఉంటుంది,” అని ఓదార్చింది లెక్కల టీచరుగా రిటైరైన అత్తగారు.

“అలాంటి మనిషితో ఇంట్లోవాళ్లు ఎలా వేగుతున్నారో!”

అత్తగారు ఒలిచిన చిక్కుళ్లు గిన్నెలో వేసింది.

“ఇంట్లోవాళ్లు మంచివాళ్లేలే, పాపం. నువ్వు లీపు సంవత్సరం మర్చిపోయావు. అది సరిచేసి పంపు, కలిపేస్తాను.”