డోసెంత?

కూలి తల్లుల పిల్లల్ని ఉంచే గదిలోంచి ఆయా చంటివాణ్ణి భుజాన వేసుకుని మిషన్ల మధ్యకి పరుగెత్తుకొచ్చేసరికి, సూపర్‌వైజరు కాలర్ల పిల్లకి డోసు ఇస్తున్నాడు. పొద్దస్తమానం చొక్కాలకి కాలర్లే కుడుతుంది కాబట్టి షెడ్డులో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. డోసంటే అక్కడ తిట్లు. తిట్లకే కాదు, చాలావాటికి ఆ మాటే. మిషనుకి నూనె ఎక్కువై గుడ్డ మీద మరక పడితే డోసెక్కువైందంటారు. ఎవరైనా మొహానికి పౌడరు దట్టించి వస్తే ఇవాళ డోసు పెంచావేమిటే అంటారు. సెలవు మర్నాడు కటింగ్ మాస్టరు కత్తెర వంక చూస్తూ కూర్చుంటే, పాపం నిన్నటి డోసు ఇంకా దిగలేదని నవ్వుకుంటారు.

"వీడు లేవట్లేదమ్మాయ్," అంది ఆయా.

కాలర్ల పిల్ల లేచిన విసురుకి ఒళ్ళోని కాలర్లన్నీ జారి కిందపడ్డాయి. చేతుల్లోకి తీసుకుంటే చంటాడు పిండని బట్టలా వేలాడిపోయాడు. బుగ్గ గిల్లింది. అరికాలు గీరింది. నాన్నా, చిట్టితండ్రీ అని పిలిచింది. ఊపిరైతే ఉంది. ఉందో లేదోనని ముక్కు దగ్గర చెవి పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకోవాల్సినంత ఉంది.

ఆటోలో దారంతా ఆయా ఏదో చెబుతూనే ఉంది. వాడు పొద్దున్నించీ బుద్ధిగా పడుకున్నాడట, పాలకి లేపితే కళ్ళు తెరవలేదట. కాలర్ల పిల్లకి ఒక్క ముక్కా ఎక్కలేదు. వాడి ఛాతీ మీద అరచెయ్యి పెట్టి, అది లేచినప్పుడల్లా తనూ ఊపిరి తీసుకుంటూ కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాడి కనురెప్ప ఎత్తి లైటు వేసి చూసింది. వెంటనే నర్సు వాణ్ణి లోపలికి ఎత్తుకుపోయింది. డాక్టరమ్మ మాత్రం గుమ్మంలో ఆగి అడిగింది.

"వీడికి ఏం మందు పట్టారు? డోసెంత?"

ఆయా గోడకి ఆనుకుంది. ఒక్క మనిషి, ఇంతమంది పసివాళ్ళు. ఎవరు గుక్కపెట్టినా వాళ్ళమ్మని మిషను మీంచి లేపుతారు, ఆ పూట హాజరు వెయ్యరు. అందుకని తల్లుల మేలు కోరే చేశానంది.

"జలుబు మందు మేడమ్. ఒక్క మూతే. రోజూ అందరికీ పట్టేదే. హాయిగా పడుకుంటారు."

కాలర్ల పిల్ల ఆమె మీద విరుచుకుపడింది. నీ కడుపున పుట్టినవాడైతే పోస్తావా అని నిలదీసింది. ఇంతలో కబురందుకుని, ఊడుస్తున్న ఆఫీసు ఊడుస్తున్నట్టే వదిలేసి అత్త వచ్చింది. సంగతి తెలిసి కోడలికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. నీ చేతులు పడిపోనూ, మనవణ్ణి నమ్మి నీ చేతిలో పెడితే ఇదా నువ్వు చేసేది అని దుమ్మెత్తిపోసింది.

డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"తిట్టుకోవడం తర్వాత. ఒక్క మూతకి ఇంత మత్తు రాదు. లోపలికి ఎంత వెళ్ళిందో తెలిస్తేనే నేనేమైనా చెయ్యగలను. తక్కువ చెప్పారంటే పిల్లాడు దక్కడు. ఇంకెవరు పట్టారు?"

అత్త తిట్టు సగంలో తెగిపోయింది. కోడలు పెందలాడే షెడ్డుకి వెళ్ళిపోతుంది కాబట్టి, వాణ్ణి రోజూ ఆయా దగ్గరికి చేర్చేది ఆవిడే. గేటు దగ్గర ఏడ్చే పిల్లల్ని ఆయా లోపలికి రానివ్వదు.

"ఇల్లు దాటే ముందు నేనూ ఒక మూత పట్టాను తల్లీ," అంది, నేల చూపులు చూస్తూ. "ఒక్కటే."

"రెండు. రెండుకీ ఇలా అవ్వదు. ఇంకా?"

కాలర్ల పిల్ల వాణ్ణి తీసుకెళ్ళిన తలుపు వంక చూసింది. తననెవరూ అనుమానించట్లేదు. కన్నతల్లిని ఎవరు అనుమానిస్తారు? ఇప్పుడు నోరు మూసుకుంటే ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. నోరు విప్పితే అత్త బతికున్నంత కాలం దెప్పుతుంది. మొగుడు ఇంట్లో అడుగు పెట్టనివ్వడు. లోపల గొట్టం తెమ్మని ఎవరో కేకేశారు.

"పొద్దున షెడ్డుకి బయల్దేరుతూ నేనూ ఒక మూత పోశాను," అంది. "వదిలి వస్తుంటే కొంగు పట్టుకుని ఏడుస్తాడు మేడమ్. చూడలేక పోశాను."

అత్త తలెత్తి చూసి మళ్ళీ దించేసుకుంది. అనడానికి ఆవిడకీ నోరు లేదు.

సరిగ్గా అప్పుడే మొగుడు వచ్చాడు. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొచ్చి పడుకున్న మనిషి, మంచం మీంచి లేచింది లేచినట్టే వచ్చాడు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఆఖరి మాట చెవిన పడనే పడింది. ఇక ముగ్గురికీ కలిపి డోసు మొదలెట్టాడు. మీరసలు ఆడవాళ్ళేనా అన్నాడు. తల్లిని పట్టుకుని పెద్దదానివి, నీ బుద్ధి ఏ గడ్డి తిందన్నాడు. ఆయాని పోలీసులకి పట్టిస్తానన్నాడు. పెళ్ళాం వైపు తిరిగి, నువ్వు అమ్మవి కాదే, రాక్షసివి అన్నాడు. వరండాలో బెంచీల మీదున్నవాళ్ళంతా మెడలు సాచి చూశారు. కాలర్ల పిల్ల తలదించుకుని అన్నీ పడింది. ఇంకో నాలుగు తగిలించినా పడాల్సిందే అనుకుంది.

"మూడు మూతలన్నమాట," అని డాక్టరమ్మ లోపలికి తిరిగింది.

అరుపులు ఠక్కున ఆగిపోయాయి. మొగుడు గబగబా ఆమె వెనకే తలుపు దాకా వెళ్ళాడు. పడుకున్న పిల్లాడి పక్కన మాట్లాడినంత మెల్లగా అన్నాడు.

"మూడు కాదు మేడమ్. నాలుగు."