ఒక దుప్పి, ఊరంతా పొయ్యిలు

దుప్పులు విపరీతంగా పెరిగి చేలమీద పడ్డాక, ఏడాదికి ఇంటికొక దుప్పిని కొట్టుకోవచ్చని చట్టం వచ్చింది. ఎన్ని కొట్టాడో కొట్టినవాడు సర్కారుకు నిజం చెప్పాలి. అబద్ధాలు పట్టడానికి ప్రతి ఇంట్లోనూ సర్కారు పొయ్యి పెట్టారు. వేటమాంసం వాసన తగిలితే చాలు, "ఇది ఎవరి వేట?" అని అడుగుతుంది.

పోయినేడు ఈదన్న కొట్టింది ఒక్కటే, చెప్పిందీ ఒక్కటే. గూడెం అలవాటు ప్రకారం ఇంటింటికీ వాటా పంచాడు. అన్ని పొయ్యిలూ అడిగాయి. అందరూ "ఈదన్నదే" అన్నారు. పొయ్యికొక దుప్పి చొప్పున లెక్కగట్టి అతన్ని జైల్లో వేశారు.

"అందరం నిజమే చెప్తిమి గద సారూ!" అన్నాడు ఈదన్న.

"అందుకేనయ్యా దొరికిపోయావు," అన్నాడు అధికారి.

జైలు నుంచి వచ్చిన ఈదన్నకు ఈ ఏడు వేట పడ్డాక, అతని భార్య తలుపులు మూసి కూర వండింది. పొయ్యి అడిగితే "మాదే" అంది. అయినా పక్కింటి లచ్చుమవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఏం నాయనా, వేట పడిందా?"

ఈదన్న తలుపు ఓరగా తీశాడు. "ఈసారి ఏం పడలే అవ్వా."

అప్పుడే కూర ఉడికింది. లోపల పొయ్యి గట్టిగా పలికింది. "ఒక ఇల్లు, ఒక దుప్పి. లెక్క సరిపోయింది. మీ నిజాయితీకి కృతజ్ఞతలు."

అవ్వ అతని ముఖం చూడలేదు. ఖాళీ గిన్నెను కొంగుతో కప్పుకుని వెనక్కి తిరిగింది.