గరాజ్ శకునం

"ఏమండీ, పిల్ల బయల్దేరుతోంది. గరాజ్‌లోకి నడవండి!"

గోపీనాథ్ కాఫీ కప్పుతో సహా లేచాడు. అమెరికా వచ్చి అల్ఫారెట్టాలో చెమటోడ్చి కొనుక్కున్న సొంత ఇంట్లో దొంగలా దాక్కోవడం ఏ మగాడికి బావుంటుంది? కానీ అతని చరిత్ర అలాంటిది. చేరిన కంపెనీలన్నీ మూతబడ్డాయి. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకి వెళ్తున్న స్నేహితుడు శశికాంత్‌కి ఎదురొస్తే, ఆ ఫైలు ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. నింద వెయ్యడానికి లోకానికి ఎవడో ఒకడు దొరకాలి కదా!

ఆ పిల్ల పేరు మారిసెల్. ఫిలిప్పీన్స్ టెన్నిస్ క్రీడాకారిణి. ఇలాంటి చిన్న టోర్నమెంట్లకి వచ్చేవాళ్ళకి హోటల్ ఖర్చు తప్పించడానికి ఊళ్ళోవాళ్ళే తమ ఇళ్ళల్లో పెట్టుకుంటారు. మూడు పూటలా అన్నం తినే పిల్ల అనగానే అతని భార్య భానుమతి మా ఇంట్లో ఉంచుకుంటామని చెయ్యెత్తేసింది.

"ఇదే ఆఖరు ఆంటీ," అంది మారిసెల్ వచ్చిన రోజే, ఆవకాయ కలుపుకుంటూ. "ఏడాదిగా ఎక్కడా మొదటి రౌండు దాటలేదు. ఈ కప్పు రాకపోతే రాకెట్ పక్కన పడేసి మా అన్నయ్య షాపులో కూర్చుంటా."

మర్నాడు ఆమె మొదటి ఆటకి బయల్దేరుతుంటే, ఖాళీ చెత్త డబ్బా లాక్కుంటూ గోపీనాథ్ సరిగ్గా ఎదురొచ్చాడు. భానుమతి గుండె పట్టుకుంది. అయినా మారిసెల్ గెలిచింది.

"అవతలి పిల్లకి కాలు బెణికింది కాబట్టి సరిపోయింది," అని తేల్చేసింది భానుమతి. ఇక అప్పట్నుంచీ ఆవిడ మంచినీళ్ళ చెంబుతో ఎదురు రావడం, మొగుడు గరాజ్‌లో నిలబడటం.

పిల్ల బంగారమే గానీ ఒట్టి మతిమరుపు మనిషి. కారెక్కినదల్లా దిగి, "సారీ అంకుల్, టోపీ!" అంటూ గరాజ్‌లోకి పరిగెత్తుకొచ్చేది. ఇంకోరోజు తువ్వాలు. మరోరోజు బూట్ల లేసులు. గోపీనాథ్ గబుక్కున గోడవైపు తిరిగిపోయేవాడు.

"నన్ను చూడకే తల్లీ!" అని తెలుగులోనే వేడుకునేవాడు. ఆమె వంగి మరీ అతని మొహంలోకి చూసి నవ్వేసి వెళ్ళేది. గెలిచొచ్చేది.

ఫైనల్ రోజు గోపీనాథ్ రిస్కు తీసుకోలేదు. ఆమె నిద్ర లేవకముందే కారేసుకెళ్ళి ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కూర్చున్నాడు. ఆట మొదలయ్యాకే వచ్చి, చివరి వరసలో టోపీ ముక్కుదాకా లాక్కుని నక్కాడు.

మొదటి సెట్ పోయింది. బంతిని చూడాల్సిన పిల్ల జనాన్ని చూస్తోంది.

ముందు వరసలోంచి భానుమతి ఫోన్ చేసింది. "ఏమండీ, ఇది ఎవరికోసమో దిక్కులు చూస్తోందండీ! నాకు ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి. నీళ్ళు తెచ్చి పడెయ్యండి."

తప్పక లేచాడు. సీసాతో మెట్లు దిగేసరికి, విరామానికి బెంచీ దగ్గరకొస్తున్న మారిసెల్‌కి నిలువునా ఎదురుపడ్డాడు. పాడు గాలి, సరిగ్గా అప్పుడే టోపీని ఎగరేసుకుపోయింది.

"అయిపోయింది భానూ," అన్నాడు నీరసంగా. "పిల్లని నా చేతుల్తో షాపులో కూర్చోబెట్టేశాను."

భానుమతి చూపుల్తోనే తగలేసింది.

రెండో సెట్ మారిసెల్‌ది. మూడోదీ ఆమెదే. అవతలి అమ్మాయి ఆఖరి బంతిని నెట్‌లోకి కొట్టగానే గోపీనాథ్ సీసాలో మిగిలిన నీళ్ళన్నీ తన నెత్తినే పోసుకున్నాడు.

"అంతా నా చెంబు మహిమ!" అంది భానుమతి, చేతులు చాచి.

మారిసెల్ కప్పు చంకన పెట్టుకుని ఆ చేతుల పక్కనుంచి దూసుకొచ్చి గోపీనాథ్ ముందు ఆగింది.

"పొద్దున ఎక్కడికి పోయారంకుల్? గరాజ్ అంతా వెతికాను!"

"ఇవాళేం మర్చిపోయావమ్మా?"

"నేను ఏ రోజూ ఏదీ మర్చిపోలేదంకుల్, మీ మొహం చూసి వెళ్ళడానికే వచ్చేదాన్ని."